అధ్యక్షుడా, కాంగ్రెసా, కోర్టా: ఇంతకీ ఎవరు పెద్ద?

తరువాత చదివేవారికి కూడా అర్థమయ్యేలా ముందు మీ ప్రశ్నేమిటో చెబుతాను. మీ అమ్మగారికి 62 ఏళ్లు, గ్రీన్ కార్డు వచ్చి 16 ఏళ్లు. అమెరికా పౌరసత్వ పరీక్ష కోసం ప్రశ్నలూ జవాబులూ తెలుగులో నోటుపుస్తకంలో రాసుకొని బట్టీ పడుతున్నారు. దేశంలో అన్నిటికన్నా పై చట్టం ఏది అంటే రాజ్యాంగం అని తడుముకోకుండా చెప్పేస్తున్నారు. కానీ మొన్న కూర తరుగుతూ, "ఇంతకీ అధ్యక్షుడు, కాంగ్రెసు, సుప్రీంకోర్టు, ఈ ముగ్గురిలో ఎవరు పెద్ద?" అని అడిగారు. (కాంగ్రెసు అంటే ఇక్కడ పార్టీ కాదు, ప్రతినిధుల సభ, సెనేట్ కలిసిన చట్టసభ.) మీరు అధ్యక్షుడే అన్నారు. "మరి ఆయన సంతకం చేసిన ఉత్తర్వును ఎవరో జిల్లా జడ్జి ఆపేశాడని టీవీలో చెప్పారే!" అన్నారావిడ. మీకు ఏం చెప్పాలో తోచలేదు.

పరీక్షలో వచ్చే ప్రశ్నల్లో సగానికి మీ అమ్మగారి సందేహమే మూలం. నేను డిగ్రీ కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పి రిటైరై, పిల్లల దగ్గరకు న్యూజెర్సీ వచ్చాను. పదకొండేళ్లుగా ఇక్కడి గ్రంథాలయంలో ఆదివారాలు తెలుగు పెద్దవాళ్లకు ఈ పాఠమే చెబుతున్నాను. ప్రతి విడతలోనూ ఎవరో ఒకరు ఇదే అడుగుతారు. ఉమ్మడి కుటుంబాల్లో పెరిగినవాళ్లకు ఇంటికి పెద్ద ఎవరో తేలితే గానీ మిగతా లెక్క కుదరదు. నా జవాబు వాళ్లకు మొదట నచ్చదు. ఈ ఇంటికి పెద్ద లేడు. పెద్ద అంటూ ఎవరూ ఉండకూడదనే దీన్ని ఇలా కట్టారు.

ఎందుకలా కట్టారో తెలియాలంటే 1787కు ముందు పదేళ్లు చూడాలి. 1776లో బ్రిటిష్ రాజుతో తెగతెంపులు చేసుకున్న 13 వలసలకు రాజు మీద ఎంత వెగటు పుట్టిందంటే, 1781లో అమలులోకి వచ్చిన తొలి ఒప్పందంలో కార్యనిర్వాహక అధ్యక్షుడు అన్న పదవే పెట్టుకోలేదు, జాతీయ న్యాయవ్యవస్థా పెట్టుకోలేదు. కేంద్రానికి పన్ను వేసే అధికారం ఇవ్వలేదు. రాష్ట్రాలను డబ్బు అడగాలి, ఇచ్చినంత పుచ్చుకోవాలి. ఆ ఒప్పందాన్ని సవరించాలంటే 13 రాష్ట్రాలూ ఒప్పుకోవాలి, ఒక్కటి అడ్డం తిరిగినా అంతే సంగతులు. 1786లో మసాచుసెట్స్‌లో అప్పుల పాలైన రైతులు డేనియల్ షేస్ అనే మాజీ సైనికాధికారి వెంట నడిచి, భూములు జప్తు చేస్తున్న కోర్టులను మూయించడం మొదలుపెట్టారు. కేంద్రం చూస్తూ కూర్చోవలసి వచ్చింది. దాని దగ్గర చాలినంత సైన్యమూ లేదు, సైన్యాన్ని పెట్టుకొనే డబ్బూ లేదు. చివరికి బోస్టన్ వ్యాపారులు చందాలు వేసుకొని పటాలాన్ని నిలబెట్టారు.

కాబట్టి 1787 వేసవిలో ఫిలడెల్ఫియాలో కూర్చున్నవాళ్లను రెండు భయాలు పీడించాయి. ప్రభుత్వం బలంగా ఉంటే రాజులా తయారవుతుంది, బలహీనంగా ఉంటే షేస్ లాంటివాళ్లను చూస్తూ ఊరుకుంటుంది. నిజానికి వాళ్లను పిలిచింది పాత ఒప్పందానికి మాట్లు వేయడానికే. లోపల తలుపులు మూసుకొని కొత్తదే రాసేశారు. మొత్తం 55 మంది హాజరయ్యారు, రోడ్ ఐలాండ్ అసలు ఎవరినీ పంపలేదు. సెప్టెంబరు 17న 39 మంది సంతకాలు చేశారు.

ఆ రాజ్యాంగాన్ని మీ అమ్మగారికి ఒకసారి చూపించండి. పోస్టాఫీసు కవరంత చిన్న పుస్తకంగా దొరుకుతుంది. సవరణలు పక్కన పెడితే సుమారు 4,500 మాటలు, ఏడు అధికరణాలు. మన భారత రాజ్యాంగం బరువు తెలిసినవాళ్లు దీన్ని చేతిలోకి తీసుకొని, ఇంతేనా అంటారు. నేను తరగతిలో చదివించే ముందు పేజీలు లెక్కపెట్టిస్తాను, ఎందుకంటే జవాబులో సగం అక్కడే ఉంది. మొదటి అధికరణం కాంగ్రెసు గురించి. మొత్తం పత్రంలో సగానికి మించి అదే. రెండోది అధ్యక్షుడి గురించి, దానికన్నా చాలా చిన్నది. మూడోది న్యాయస్థానాల గురించి, ఇంకా చిన్నది. సుప్రీంకోర్టులో జడ్జీలు ఎంతమందో కూడా అందులో లేదు. తొమ్మిది అన్న సంఖ్య 1869 నాటి చట్టం పెట్టింది, రాజ్యాంగం కాదు. టీవీలో రోజూ అధ్యక్షుడే కనిపిస్తాడు కాబట్టి ఆయనే ముందు అనుకుంటాం. రాసినవాళ్ల దృష్టిలో ముందు వచ్చేది చట్టం చేసే సభ.

ఇక మొదటి మూడు మాటలు. "మేము, ప్రజలం" అన్న అర్థం వచ్చే ఆ మాటల వెనుక ఒక చిన్న కథ ఉంది. తొలి ముసాయిదాలో న్యూహాంప్‌షైర్, మసాచుసెట్స్ అంటూ రాష్ట్రాల పేర్లన్నీ వరసగా ఉన్నాయి. ఏ రాష్ట్రం ఆమోదిస్తుందో ఏది ఎగ్గొడుతుందో ముందే తెలియదు కదా, పేర్లు ఎలా రాస్తారు? చివరి ప్రతిని చక్కదిద్దిన చిన్న సంఘం, అందులో ముఖ్యంగా గవర్నర్ మోరిస్ అనే ఆయన (గవర్నర్ అన్నది ఆయన పేరు, పదవి కాదు), ఆ వరసను తీసేసి 'సంయుక్త రాష్ట్రాల ప్రజలం' అని పెట్టారు. అలా ఒక చిక్కు తప్పించుకోబోయి పెద్ద సిద్ధాంతాన్నే రాసినట్టయింది. అధికారం రాష్ట్రాల నుంచి కాదు, రాజు నుంచి కాదు, జనం నుంచి వస్తుంది. మన ప్రవేశికలోని "భారత ప్రజలమైన మేము" దీని బాటలోనే వచ్చింది.

ఆ 'ప్రజలం'లో అప్పటికి ఎవరెవరు లేరో కూడా అమ్మగారికి చెప్పండి, దాచవద్దు. బానిసలు లేరు. ఆడవాళ్లకు ఓటు దాదాపు ఎక్కడా లేదు. ప్రతినిధుల సభలో సీట్ల లెక్క కోసం ఐదుగురు బానిసలను ముగ్గురుగా లెక్కవేశారు. అంత చేసి, బానిస అన్న మాట మాత్రం ఎక్కడా పడకుండా 'ఇతర వ్యక్తులు' అంటూ దాటవేశారు. తప్పు చేస్తున్నామని తెలిసినవాళ్ల రాత అలాగే ఉంటుంది. ఆ మాట రాజ్యాంగంలోకి మొదటిసారి వచ్చింది 1865లో, బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ సవరణలో.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. తరగతికి నేను రెండు పాత తాళంచెవులు పట్టుకెళతాను. బ్యాంకు లాకరు మన పెద్దవాళ్లందరికీ తెలుసు. ఒక తాళంచెవి మన దగ్గర, ఇంకొకటి బ్యాంకువాళ్ల దగ్గర, రెండూ తిప్పితేనే తలుపు తెరుచుకుంటుంది. నగలు మనవే అయినా మనం ఒక్కళ్లమే తీయలేం. లాకరు వాళ్లదే అయినా వాళ్లూ తీయలేరు. పరీక్షలో 'ఒక శాఖ మరీ బలపడకుండా ఆపేది ఏది?' అన్న ప్రశ్నకు మీ అమ్మగారు రాసుకున్న 'అధికార విభజన, నిరోధ సమతౌల్యాలు' అన్న జవాబుకు అర్థం ఇంతే. చట్టం కావాలంటే ప్రతినిధుల సభ, సెనేట్ రెండూ ఆమోదించాలి, అధ్యక్షుడు సంతకం పెట్టాలి. ఆయన వీటో చేస్తే, అంటే బిల్లును తిరస్కరిస్తే, రెండు సభలూ మూడింట రెండు వంతుల ఓట్లతో ఆ వీటోను తోసిపుచ్చవచ్చు. జడ్జీలనూ మంత్రులనూ అధ్యక్షుడు ఎంపిక చేస్తాడు, సెనేట్ ఒప్పుకోవాలి. విదేశాలతో ఒప్పందానికి హాజరైన సెనేటర్లలో మూడింట రెండు వంతులు కావాలి. సైన్యానికి అధిపతి అధ్యక్షుడు, యుద్ధం ప్రకటించే అధికారం కాంగ్రెసుది. ఈ చివరి తాళంచెవిని మాత్రం కాంగ్రెసు తానే అటక మీద పడేసుకుంది. లాంఛనంగా యుద్ధం ప్రకటించింది చివరిసారి 1942లో. కొరియా, వియత్నాం, ఇరాక్ యుద్ధాలేవీ ప్రకటనతో మొదలైనవి కావు. రాజ్యాంగం తాళంచెవి ఇస్తుంది గానీ, పట్టుకొని తిప్పమని ఎవరినీ బలవంతపెట్టదని నా అభిప్రాయం.

ఒకసారి గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఈ లాకరు కథ విని, "అయితే బ్యాంకువాళ్లకూ మనకూ పడకపోతే లాకరు ఎప్పటికీ తెరుచుకోదా?" అన్నారు. నా ముప్పై ఏళ్ల లెక్చరరు ఉద్యోగంలో కూడా ఇంత సూటి ప్రశ్న ఎవరూ వేయలేదు. తెరుచుకోదమ్మా, దాన్నే ఇక్కడ షట్‌డౌన్ అంటారు అన్నాను. ఖజానా నుంచి ఒక్క డాలరు తీయాలన్నా కాంగ్రెసు చేసిన చట్టం ఉండాలని మొదటి అధికరణమే చెబుతోంది. సభలూ అధ్యక్షుడూ ఖర్చు బిల్లు మీద ఒప్పుకోకపోతే కార్యాలయాలు మూతపడతాయి. 2018 డిసెంబరులో మొదలైనది 35 రోజులు సాగింది. 2025 అక్టోబరు 1న మొదలైనది 43 రోజులు. ఆ అక్టోబరులోనే కార్మిక శాఖలో హెచ్-1బి (ఉద్యోగ వీసా) దరఖాస్తులకు అవసరమైన పనులు ఆగిపోయి మన పిల్లలు గాభరా పడ్డారు. పౌరసత్వం ఇచ్చే శాఖ మాత్రం చాలావరకు దరఖాస్తు రుసుముల మీదే నడుస్తుంది కాబట్టి దాని పని సాగింది.

మన దేశంలో ఇలా జరగదు, ఎందుకో చెబితే అమ్మగారికి తేడా ఇట్టే తెలుస్తుంది. మన ప్రధాని లోక్‌సభ మెజారిటీ లోంచే పుడతాడు. అది పోతే ప్రభుత్వమే పడిపోతుంది, 1999లో వాజపేయి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయినట్టు. అంటే మన దగ్గర శాసనసభ, మంత్రివర్గం ఒకే చెట్టు కొమ్మలు. ఇక్కడ రెండూ వేర్వేరు చెట్లు. కాంగ్రెసులో మెజారిటీ లేకపోయినా అధ్యక్షుడు నాలుగేళ్లూ ఉంటాడు. కాంగ్రెసు ఎంత చికాకు పెట్టినా ఆయన దాన్ని రద్దు చేయలేడు. మంత్రి కావాలంటే సభ్యత్వం వదులుకోవాలి. 2009లో హిల్లరీ క్లింటన్ విదేశాంగ మంత్రి అవడానికి సెనేట్‌కు రాజీనామా చేశారు. మన దగ్గర సరిగ్గా తిరగేసి, మంత్రి అయినవాళ్లు ఆరు నెలల్లో ఏదో ఒక సభలో సభ్యులు కావాలి.

మీ అమ్మగారి రెండో ప్రశ్న, జడ్జి అధ్యక్షుడి ఉత్తర్వును ఎలా ఆపుతాడన్నది. అధ్యక్షుడి ఉత్తర్వు గాలిలో నిలబడదు. దాని కింద కాంగ్రెసు చేసిన చట్టమైనా ఉండాలి, రాజ్యాంగం నేరుగా ఇచ్చిన అధికారమైనా ఉండాలి. రెండూ లేవని కోర్టు తేలిస్తే ఆ ఉత్తర్వు కాగితమే. దీనికి నాకు ఇష్టమైన ఉదాహరణ 1952 నాటిది. కొరియా యుద్ధం జరుగుతోంది, ఉక్కు కార్మికులు సమ్మెకు సిద్ధమయ్యారు. ఉక్కు ఆగితే ఆయుధాలు ఆగుతాయి కాబట్టి అధ్యక్షుడు ట్రూమన్, దేశంలోని ఉక్కు కర్మాగారాలను ప్రభుత్వం స్వాధీనం చేసుకోవాలని తన వాణిజ్య మంత్రిని ఆదేశించారు. కంపెనీలు కోర్టుకు వెళ్లాయి. అప్పటి తొమ్మిదిమంది జడ్జీలూ ట్రూమన్ గానీ, ఆయన పార్టీకే చెందిన రూజ్‌వెల్ట్ గానీ నియమించినవాళ్లే. ట్రూమన్ సొంతంగా నియమించినవాళ్లు నలుగురు, అందులో ఒకరు ఆయన దగ్గర అటార్నీ జనరల్‌గా పనిచేసిన క్లార్క్. జూన్ 2న తీర్పు వచ్చింది, 6-3 తేడాతో ట్రూమన్ ఓడిపోయారు. ఆ నలుగురిలో ఇద్దరు, క్లార్క్‌తో సహా, ఆయనకు వ్యతిరేకంగా తీర్పు రాశారు. దేశం యుద్ధంలో ఉంది, సైన్యం ఆయన చేతిలో ఉంది. కోర్టు దగ్గర ఒక్క బంట్రోతు కూడా లేడు అన్నా తప్పు లేదు. అయినా ట్రూమన్ కర్మాగారాలను తిరిగి ఇచ్చేశారు.

అయితే కోర్టే పెద్దదన్నమాట అని తరగతిలో వెంటనే అంటారు. కాదు. చట్టాలను కొట్టివేసే అధికారం కోర్టుకు ఉందని రాజ్యాంగంలో ఎక్కడా సూటిగా రాసి లేదు. మన రాజ్యాంగంలో 13వ అధికరణం ప్రాథమిక హక్కులకు విరుద్ధమైన చట్టాలు చెల్లవని స్పష్టంగా చెబుతుంది. ఇక్కడ దాన్ని 1803లో ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ ఒక తీర్పులో స్థిరపరిచారు. ఆ కేసు పుట్టిన తీరు చూస్తే నవ్వొస్తుంది. పదవి నుంచి దిగిపోతున్న అధ్యక్షుడు ఆడమ్స్, విలియం మార్బరీ అనే ఆయనను ఒక చిన్న న్యాయాధికారి పదవికి నియమించారు. నియామక పత్రం మీద సంతకం పడింది, ముద్ర పడింది, చేతికి అందలేదు. అందజేయవలసిన విదేశాంగ మంత్రి ఎవరు? అదే జాన్ మార్షల్! అప్పుడు ఆయన రెండు పదవుల్లోనూ ఉన్నారు. కొత్త ప్రభుత్వం ఆ పత్రం ఇవ్వనంది. మార్బరీ కోర్టుకు వస్తే మార్షల్, నీకు హక్కు ఉంది గానీ, ఈ ఆదేశం ఇచ్చే అధికారాన్ని మాకు కట్టబెట్టిన చట్టమే రాజ్యాంగానికి విరుద్ధం, కాబట్టి మేమేమీ చేయలేం అన్నారు. చిన్న అధికారాన్ని వద్దని పక్కకు నెట్టి, చట్టాలను పరీక్షించే పెద్ద అధికారాన్ని ఒళ్లో వేసుకున్నారు. దీనినే పుస్తకాల్లో న్యాయ సమీక్ష అంటారు.

కోర్టు మీద మళ్లీ ప్రజల చేయి ఉంది. రాజ్యాంగాన్నే మార్చేస్తే తీర్పు పోతుంది. 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో నల్లజాతివారు పౌరులు కాలేరని సుప్రీంకోర్టు అంది. అంతర్యుద్ధం ముగిశాక 1868లో 14వ సవరణ వచ్చి, ఇక్కడి అధికార పరిధిలో పుట్టినవారూ, ఇక్కడ పౌరసత్వం పుచ్చుకున్నవారూ పౌరులే అని రాసింది. ఆదాయపు పన్నును 1895లో కోర్టు కొట్టేస్తే 1913లో 16వ సవరణ దాన్ని తెచ్చిపెట్టింది (ప్రతి ఏప్రిల్‌లో మనం తిట్టుకోవలసింది దీన్నే). కాకపోతే సవరణ అంత తేలిక కాదు. రెండు సభల్లో మూడింట రెండు వంతుల ఓట్లు, ఆపైన నాలుగింట మూడు వంతుల రాష్ట్రాలు, అంటే ఇప్పటి లెక్కలో 38. అందుకే ఇన్నేళ్లలో సవరణలు 27 మాత్రమే. అందులో మొదటి పది 1791లో ఒకేసారి వచ్చినవి. వాటితో పాటే పంపిన ఇంకొకటి రాష్ట్రాల దగ్గర నానుతూ నానుతూ 1992లో 27వ సవరణగా బయటపడింది.

పౌరసత్వం మాట వచ్చింది కాబట్టి ఇంకొక్క సంగతి. అమ్మగారు అసలు ఈ పరీక్షకు కూర్చోగలుగుతున్నారంటే దాని వెనుక ఒక తారీఖు ఉంది. బయటివాళ్లకు పౌరసత్వం ఇచ్చే నియమాలు చేసే అధికారాన్ని మొదటి అధికరణం కాంగ్రెసుకు ఇచ్చింది. 1790లో చేసిన తొలి చట్టం 'స్వేచ్ఛగల తెల్లవారికి' మాత్రమే అంది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్‌సింగ్ తింద్ అనే పంజాబీకి పౌరసత్వం ఇస్తే, 1923లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా, భారతీయుడు ఆ మాటలోకి రాడు అని తేల్చింది. భారతీయులకు ద్వారం తెరిచిన చట్టం 1946లో వచ్చింది. అంటే రాజ్యాంగంలోని ఆ నియమంలో ఒక్క అక్షరం మారకుండానే, కాంగ్రెసు చేతిలోని తాళంచెవితో తలుపు మూసుకుంది, మళ్లీ తెరుచుకుంది.

రాష్ట్రాల సంగతికి పెట్రోలు బంకు చాలు. న్యూజెర్సీలో మన కారులో మనమే పెట్రోలు పోసుకోవడం 1949 నుంచీ చట్టవిరుద్ధం. డెలావేర్ నది మీద వంతెన దాటి పెన్సిల్వేనియాలోకి వెళ్లామా, మనమే దిగి పోసుకోవాలి. మా మొదటి ప్రయాణంలో మా ఆవిడ, నేనూ అవతలి ఒడ్డున బంకులో కారులోనే పది నిమిషాలు కూర్చున్నాం, ఎవరైనా వస్తారేమోనని. రాజ్యాంగం కేంద్రానికి ఫలానా పనులు అని చిట్టా ఇచ్చింది. నాణేలు, తపాలా, సైన్యం, విదేశీ వ్యవహారాలు, అంతర్రాష్ట్ర వ్యాపారం, పౌరసత్వం అందులోవి. చిట్టాలో లేనివి రాష్ట్రాలకు, ప్రజలకు అని పదో సవరణ చెప్పింది. డ్రైవింగ్ లైసెన్సు, పెళ్లి, బడి, హత్య కేసు చాలావరకు రాష్ట్రానివే. మన దేశంలో మిగిలిపోయిన అధికారాలు కేంద్రానికి చెందుతాయి, ఇక్కడ రాష్ట్రాలకు.

తేడా ఎంత లోతైనదో మన తెలుగువాళ్లకు చెప్పడానికి ఒకే ఒక్క ఉదాహరణ చాలు. మన రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం రాష్ట్రాన్ని విభజించే ముందు ఆ శాసనసభ అభిప్రాయం అడగాలి, అంగీకారం మాత్రం అక్కర లేదు. 2014 జనవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించింది. ఫిబ్రవరిలో పార్లమెంటు దాన్ని ఆమోదించింది. జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. విభజన మంచిచెడ్డల చర్చ ఇక్కడ వద్దు, నేను చెప్పేది పద్ధతి గురించి. అమెరికా రాజ్యాంగం నాలుగో అధికరణం ప్రకారం, ఒక రాష్ట్రం లోంచి కొత్త రాష్ట్రాన్ని తీయాలంటే కాంగ్రెసుతో పాటు ఆ రాష్ట్ర శాసనసభ కూడా ఒప్పుకొని తీరాలి. అంతర్యుద్ధం మధ్యలో 1863లో వర్జీనియా నుంచి వెస్ట్ వర్జీనియాను విడదీసినప్పుడు కూడా, కేంద్రం పక్షాన నిలిచిన ఒక పోటీ వర్జీనియా ప్రభుత్వాన్ని నిలబెట్టి, దాని చేత అవునని అనిపించారు. ఎంత నాటకమైనా ఆ లాంఛనం తప్పలేదు. రాష్ట్రం కూడా తనంతట తాను దేశం నుంచి విడిపోవడం కుదరదు, ఆ మాట 1869లో టెక్సస్ కేసులో కోర్టు తేల్చి చెప్పింది.

సెనేట్ కూడా ఈ లెక్కలోనిదే. చిన్న రాష్ట్రాలు మునిగిపోతామని భయపడితే, ప్రతినిధుల సభ జనాభాను బట్టి, సెనేట్ రాష్ట్రానికి రెండు చొప్పున అని రాజీ కుదిరింది. ఫలితం ఇవాళ ఏమిటంటే, ఆరు లక్షల మంది కూడా లేని వయోమింగ్‌కూ ఇద్దరే, దాదాపు నాలుగు కోట్ల కాలిఫోర్నియాకూ ఇద్దరే. నాకు ఇది న్యాయంగా తోచదు, కానీ నా తరగతిలో దీన్ని గట్టిగా సమర్థించినవాళ్లూ ఉన్నారు.

పరీక్షలో 'అత్యున్నత చట్టం' అన్న మాటకు కోరలు ఉన్నాయని కూడా ఇంట్లో అందరికీ చెప్పండి. న్యూజెర్సీ చట్టం ప్రకారం 21 దాటినవారికి గంజాయి నేరం కాదు. కేంద్ర చట్టం ప్రకారం నిషిద్ధమే. రెండు చట్టాలు ఢీకొంటే కేంద్రానిదే పైమాట అని ఆరో అధికరణం అంటుంది. పౌరసత్వం ఇచ్చేది కేంద్రం. ఇక్కడ దుకాణంలో బాహాటంగా కొన్నదే అక్కడ దరఖాస్తుకు అడ్డు తగలవచ్చు. అమ్మగారికి ఈ హెచ్చరిక అక్కర లేదు గానీ, ఇంట్లో గ్రీన్ కార్డు ఉన్న కుర్రవాళ్లు ఉంటే చెవిన వేయండి.

హక్కుల దగ్గర మనవాళ్లు చేసే పొరపాట్లు రెండు. మొదటిది, వాక్‌స్వాతంత్ర్యం ఉంది కాబట్టి కంపెనీ తమను ఏమీ అనకూడదనుకోవడం. మొదటి సవరణ 'కాంగ్రెసు ఏ చట్టమూ చేయరాదు' అని మొదలవుతుంది. అది కట్టేసేది ప్రభుత్వం చేతులను. ప్రైవేటు యజమానికి అది వర్తించదు. రెండోది దీనికి తిరగేసినది. వీసా మీద ఉన్నాం, మనకు రాజ్యాంగ హక్కులేవీ ఉండవనుకోవడం. ఐదో సవరణలోనూ పద్నాలుగో సవరణలోనూ ఉన్న మాట 'వ్యక్తి', 'పౌరుడు' కాదు. 1886లో శాన్‌ఫ్రాన్సిస్కోలో బట్టలు ఉతికే దుకాణం నడిపిన ఒక చైనీయుడి కేసులో, చట్టాల సమాన రక్షణ పౌరులకే పరిమితం కాదని సుప్రీంకోర్టు చెప్పింది. ఓటు పౌరులది. కోర్టులో విచారణ పొందే హక్కు మనిషైన ప్రతివాడిదీ.

ఈ హక్కులు కాగితం మీద నుంచి ఎలా దిగివస్తాయో చెప్పమంటే నేను గిడియన్ కథ చెబుతాను. 1961లో ఫ్లోరిడాలోని పనామా సిటీలో ఒక బిలియర్డ్స్ క్లబ్బులో దొంగతనం చేశాడని క్లారెన్స్ గిడియన్ అనే నిరుపేదను పట్టుకున్నారు. వకీలును పెట్టమని అడిగితే, మరణశిక్ష పడే కేసులకే పెడతామన్నాడు జడ్జి. తన కేసు తానే వాదించుకొని ఓడి, ఐదేళ్ల జైలు తెచ్చుకున్నాడు. జైల్లో పెన్సిలుతో, జైలు కాగితం మీద సుప్రీంకోర్టుకు అర్జీ రాశాడు. 1963లో తొమ్మిదిమంది జడ్జీలూ ఏకమై, తీవ్రమైన నేరారోపణ ఎదుర్కొనే పేదవాడికి రాష్ట్రమే వకీలును ఇవ్వాలన్నారు. వకీలుతో మళ్లీ విచారణ జరిగితే గిడియన్ నిర్దోషిగా బయటకు వచ్చాడు. ఈ కథ చెప్పాక తరగతిలో కాసేపు ఎవరూ మాట్లాడరు.

ఇంటర్వ్యూ విషయానికి వస్తే, 55 దాటి, గ్రీన్ కార్డుతో 15 ఏళ్లు ఉన్నవారికి ఇంగ్లీషు మినహాయింపు ఉంది కాబట్టి అమ్మగారు దుబాసీ సాయంతో తెలుగులోనే జవాబులు చెప్పవచ్చు. దరఖాస్తు 2025 అక్టోబరు 20కి ముందు వేసి ఉంటే పాత 100 ప్రశ్నల పట్టీ, పది అడిగితే ఆరు చెప్పాలి. ఆ రోజు గానీ ఆ తరువాత గానీ వేస్తే 128 ప్రశ్నల పట్టీ, ఇరవై అడిగితే పన్నెండు చెప్పాలి. ఆ రెండు పట్టీలు కలిపి చదివి తికమక పడినవాళ్లు మా తరగతిలో ఉన్నారు, ముందు తారీఖు చూసుకోండి. 'ఎవరు పెద్ద' అని అధికారి అడగరు. ప్రమాణం చేసే రోజున మాత్రం, అధ్యక్షుడికి గానీ కాంగ్రెసుకు గానీ కాదు, రాజ్యాంగానికీ చట్టాలకూ విధేయురాలిగా ఉంటానని చెప్పిస్తారు. అధ్యక్షుడు చేసే ప్రమాణం కూడా ఆ కాగితానికే.

ఒక్క చిన్న జాగ్రత్త. 'మీ ప్రతినిధి పేరేమిటి' అన్న ప్రశ్నకు జవాబు ఇంటర్వ్యూ ముందు రోజు మళ్లీ చూసుకోమనండి. ఎన్నికలు నవంబరులో జరిగినా, 20వ సవరణ ప్రకారం కొత్తవారు పదవిలోకి వచ్చేది జనవరి 3న. ఈ మధ్యలో ఇంటర్వ్యూ పడితే పాత పేరే చెప్పాలి, గెలిచిన వారి పేరు చెబితే తప్పవుతుంది.